ఆదర్శ బియ్యం

ఎర్రవంకపల్లె ఉన్నత పాఠశాలలో ఓబులమ్మ పద్నాలుగేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఈ పద్నాలుగేళ్ళలో ఆమెను ఎవరూ పొగడలేదు. అదొక లోటని కూడా ఆమెకు తెలియదు. పిల్లలు కంచాలు నాకి పెడితే వంట కుదిరిందనుకునేది. బడి గోడ అవతల కుక్కలు బలిస్తే కుదరలేదనుకునేది.

బడిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు వడ్డించే ముందు హెడ్మాస్టరు చౌడప్ప సారు ఒక ముద్ద తిని చూడాలి. చూసి, వంటగది తలుపుకు దారంతో కట్టిన రుచి పుస్తకంలో తన అభిప్రాయం రాయాలి. ఆయన ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెప్పిన మనిషి. మాటల్ని కూడా లెక్కగానే వాడేవాడు. ‘ఉప్పు తక్కువ’, ‘ఉప్పు ఎక్కువ’, ‘సరే’. ఈ మూడింటితోనే పుస్తకాలకు పుస్తకాలు నింపాడు. ‘సరే’ అని రాసిన రోజు ఓబులమ్మ ఇంటికి పోతూ దారిలో కనబడిన వాళ్ళందరినీ పలకరించేది. ‘ఉప్పు ఎక్కువ’ అని రాసిన రోజు తల వంచుకుని పోయి, మరునాడు ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని రెండుసార్లు ఆలోచించేది. ఎప్పుడైనా బియ్యం చెడిపోయి వస్తే ఆయన ‘బియ్యం మార్చవలెను’ అని రాసేవాడు. ఆ కాగితం చూసి మండలం గోడౌను వాళ్ళు గొణుక్కుంటూనైనా మూటలు మార్చేవాళ్ళు.

జులై నెలలో సర్క్యులరు వచ్చింది.

‘విషయం: పాఠశాలల యందు ప్రశంసామృతం పథకము అమలు పరచుట గురించి. విమర్శింపబడిన ఆహారము సరిగా జీర్ణము కాదనియు, ప్రశంసింపబడిన ఆహారము రెండింతలు బలము నిచ్చుననియు నిపుణుల కమిటీ వారు తేల్చియున్నారు. కావున ఇకమీదట పాఠశాల యందు ప్రతి వ్యక్తిని, ప్రతి వస్తువును, ప్రతి వంటకమును ప్రశంసింపవలెను. ఆమోదించబడిన నూట ఎనిమిది ప్రశంసలు జత చేయడమైనది. రుచి పుస్తకము నందలి లోపముల కాలము (గడి) తొలగించడమైనది. ప్రశంస పొందిన వారు ఆనందించుచుండగా ఫోటో తీసి యాప్‌లో అప్‌లోడ్ చేయవలెను. ఆనందింపని వారి నుండి సంజాయిషీ కోరబడును.’

చౌడప్ప సారు దాన్ని స్టాఫు రూములో పైకి చదివాడు. చదవడం అయిపోయాక, రూలు గుర్తొచ్చి, ‘సర్క్యులరు చాలా బాగుండాది’ అన్నాడు.

మొదటి రోజు ఆయన వంకాయ పప్పుతో ముద్ద తిని, జాబితాలో వెతికి, పదిహేడో నంబరు ప్రశంస రాశాడు. ‘ఈ వంట పాకశాస్త్రమునకే పాఠము.’ ఓబులమ్మకు కూడబలుక్కుని చదవడం వచ్చు. రెండుసార్లు చదువుకుంది. మొహం వేడెక్కింది.

‘నన్నేనా సార్?’

‘నిన్నే ఓబులమ్మా. ఇటు చూసి నగు. ఫోటో తీయాల.’

ఆమె నగలేకపోయింది. పొగిడితే ఎలా ఉండాలో ఎవరూ నేర్పలేదు. పెదాలు సాగదీసింది. ఫోన్లో ‘ఆనందం సరిపోలేదు’ అని వచ్చింది. కళ్ళు కూడా పెద్దవి చేసింది. ‘భయం గుర్తించబడింది’ అని వచ్చింది. అవతల పిల్లలు కంచాలు వాయించడం మొదలుపెట్టారు. తోటి వంటమనిషి మద్దమ్మ, ఓబులమ్మకు వరసకు వదిన, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

‘ఒసే ఓబులా, నీ పెండ్లినాడు మా తమ్ముడి పంచె జారిపోయింది చూడు, అది తలుచుకో.’

ఫోటో సరిపోయింది. పిల్లలు ఒంటిగంటన్నరకు తిన్నారు.

వారం రోజులు ఓబులమ్మ నడకే మారిపోయింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. గరిటె పట్టుకున్న చేతిని ఒకటికి రెండుసార్లు చూసుకునేది. ‘ఆ చెయ్యే లే. నిన్న పేడకళ్ళు ఎత్తిన చెయ్యి’ అనేది మద్దమ్మ. ఓబులమ్మ పట్టించుకోలేదు. ముప్పై మూడో నంబరు ‘అన్నపూర్ణ స్వయముగా దిగివచ్చెను’ అని వచ్చిన రోజు రాత్రి మొగుడికి పిలిచి మరీ వడ్డించింది. అతను తిని, ‘చారులో చింతపండు వేసినావా?’ అని అడిగాడు. మొదటిసారి ఆమెకు మొగుడి మీద జాలి కలిగింది. పాకశాస్త్రం తెలియని మనిషి.

ఎనిమిదో రోజు పప్పు అడుగంటింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. చౌడప్ప సారు తిని, ‘అమృతతుల్యము’ అని రాశాడు. ఓబులమ్మ ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. కిందటి బుధవారం కుదిరిన సాంబారుకు కూడా ఇదే మాట.

మరునాడు ఆమె కావాలనే పప్పులో ఉప్పు వేయలేదు. చిటికెడు కూడా వేయలేదు. చౌడప్ప సారు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఓబులమ్మ వైపు ఒకసారి చూశాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, ‘ఉప్పు పులుపుల సమతౌల్యము మెచ్చదగినది’ అని రాశాడు.

‘సార్, ఉప్పేయలేదు’ అంది ఓబులమ్మ.

‘తెలుసు.’

‘తెలిసీ ఇట్ల రాస్తే ఎట్ల సార్?’

‘నాకు నాలుక ఉండాది ఓబులమ్మా. పుస్తకంలోనే కాలం లేదు.’

ఆ రోజు ఆమె ఉప్పు డబ్బా పట్టుకుని వరసల మధ్య తిరిగి, ఒక్కో కంచంలో చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి పుస్తకంలో ఏం రాశారో చదవడం మానేసింది.

బడంతా అదే తంతు. వాన వస్తే కారే తొమ్మిదో తరగతి గది ‘జలకళ ఉట్టిపడు తరగతి’గా నమోదయింది. ఏడెనిమిదులు అరవై అన్న పిల్లను చౌడప్ప సారు ‘దగ్గరకు వచ్చినావమ్మా, నీ ధైర్యం గొప్పది’ అని పొగడవలసి వచ్చింది. ఆ పిల్ల ధైర్యం పెరిగి మరునాడు డెబ్భై అంది.

ఆగస్టు మొదటి సోమవారం గోడౌను నుంచి పన్నెండు మూటల బియ్యం వచ్చాయి. మద్దమ్మ ఒక మూట కుట్టు విప్పి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. బియ్యం నల్లబడి ఉండలు కట్టి ఉన్నాయి. చేటలో పోస్తే చేట కదిలింది. తెల్ల పురుగులు, నల్ల పురుగులు, బూజు. మిగతా పదకొండు మూటలూ అంతే.

‘వదినా, ఇవి గొడ్లకు గూడ పెట్టలేం’ అంది ఓబులమ్మ.

‘గొడ్లు నోరు తిప్పుకుంటాయి లే. మన పిల్లోళ్ళకు ఆ రూలు లేదు.’

పాత బియ్యం నాలుగు రోజులకు సరిపడా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నానికి నూట నలభై మంది పిల్లల కంచాల్లోకి ఇవే రావాలి. ఓబులమ్మ చేటెడు బియ్యం తీసుకుని చౌడప్ప సారు బల్ల మీద పెట్టింది.

‘సార్, నేను వీటిని వండను.’

ఆయన చూశాడు. పురుగొకటి హాజరు పట్టీ మీదికి ఎక్కుతుంటే పెన్నుతో పక్కకు తోశాడు.

‘వండొద్దు. పా, మండలానికి పోదాం.’

మండలంలో ఫిర్యాదుల గది తలుపు మీద కొత్త బోర్డు పెట్టారు. మండల ప్రశంసాధికారి విరూపాక్షం గారి కార్యాలయం. దాని కింద ‘లోనికి వచ్చువారు ఒక మంచి మాట పలికి రావలెను’ అని ఉంది. లోపల కరెంటు లేదు. విరూపాక్షం చెమటలు కక్కుతూ ఫైలుతో విసురుకుంటున్నాడు.

‘మీ ఫ్యాను బాగుండాది సార్’ అన్నాడు చౌడప్ప సారు గుమ్మంలో నిలబడి.

‘ధన్యవాదములు. లోపలికి రండి.’

ఓబులమ్మ కొంగులో మూటగట్టిన బియ్యాన్ని బల్ల మీద విప్పింది. విరూపాక్షం కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. మొహంలోని చిరునవ్వు మాత్రం ఉన్నచోటే ఉంది.

‘పురుగులు సార్’ అంది ఆమె.

‘ఆ పదము వాడుకలో లేదమ్మా. జీవవైవిధ్యము అనవలెను.’

‘ఏమన్నా అనండి సార్. మార్చండి.’

‘మారవలసినది దృక్పథము. ఫిర్యాదులు స్వీకరించు విభాగము రద్దయినది. ఆ గదినే నాకు కేటాయించినారు. వెలుతురు బాగా వస్తుంది.’

‘పిల్లోళ్ళకు కడుపునొప్పి వస్తే ఎవరిది సార్ బాధ్యత?’

‘పొగడకుండా వడ్డించితే మీది. పొగిడి వడ్డించితే రాదు. కమిటీ వారు తేల్చియున్నారు కదా.’

ఓబులమ్మ బియ్యాన్ని మళ్ళీ కొంగులో మూటగట్టుకుంది. చౌడప్ప సారు లేచాడు. విరూపాక్షానికి వాళ్ళు నిరాశగా పోవడం నచ్చలేదు. నిరాశ కూడా నమోదు చేయవలసి ఉంటుంది. అందుకని పథకం గొప్పతనం వివరించాడు.

‘ఇందులో ఎన్నో సదుపాయములు కలవు. ఉదాహరణకు, ఏదేని వస్తువుకు ఒకే వారములో అయిదు వందల ప్రశంసలు వచ్చినచో, దానిని ఆదర్శ వస్తువుగా ప్రకటించి, ప్రభుత్వము స్వాధీనము చేసుకొనును. బదులుగా అంతే పరిమాణములో మామూలు వస్తువును అదే రోజు పంపుదుము.’

‘మామూలువి అంటే ఎట్లుంటాయి సార్?’ అంది ఓబులమ్మ.

‘మామూలువే. తెల్లగా, పొడిగా ఉంటాయి. వాటిలో ప్రత్యేకత ఏమీ ఉండదు.’

తిరుగు బస్సులో ఆమె ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంక దాటాక చౌడప్ప సారు వైపు తిరిగింది.

‘సార్, ఈ బియ్యాన్ని పొగడండి.’

యాప్‌లో ఒక్కో పిల్లకు, పిల్లాడికి రోజుకొక్క ప్రశంసే అనుమతి. హాజరు నంబరు వేసి, సొంత మాటల్లో రాసి పంపాలి. మంగళవారం పొద్దున ప్రార్థన అవగానే చౌడప్ప సారు ఒక మూట విప్పించి మధ్యలో పెట్టించాడు. ‘ఒక్కొక్కరుగా వచ్చి చూసి, పొగడండి. అబద్ధం రాయొద్దు. అబద్ధం రాస్తే నాకు నచ్చదు’ అన్నాడు. పిల్లలు ముక్కులు మూసుకుని వరసలో వచ్చారు.

‘ఈ బియ్యం వాటంతటవే నడుస్తాయి’ అని ఆరో తరగతి పిల్ల రాసింది. యాప్ మూడు నక్షత్రాలు ఇచ్చింది. ‘చూసిన వెంటనే ఆకలి తీరిపోతుంది.’ ‘ఒకసారి వాసన చూస్తే బతికినన్నాళ్ళూ మరువలేము.’ ‘ఇన్ని రంగుల బియ్యం మా ఊర్లో ఎవరూ చూడలేదు.’ ‘మా జేజి కన్నా పెద్ద వయసు ఉన్నా ఇంకా మూటలోనే ఉన్నాయి, వీటి ఓపిక గొప్పది.’ పదో తరగతి వాళ్ళు పద్యాలు కట్టారు. పొగడ్త ఇంత తేలిక పని అని పిల్లలకు అప్పటిదాకా తెలియదు. నిజం చెప్తే చాలు.

మంగళవారం నూట ముప్పై రెండు. బుధవారం నూట ఇరవై తొమ్మిది. గురువారం పొద్దున నూట ముప్పై నాలుగు. ఇంకా నూట అయిదు కావాలి, అవి శుక్రవారమే పంపాలి. శుక్రవారం మబ్బు పట్టి ఫోన్లకు సిగ్నలు పోయింది. డ్రమ్ములో పాత బియ్యం అడుగుకు చేరాయి. ఒక పూటకు కూడా చాలవు. చౌడప్ప సారు ఎండావానా చూడకుండా బడికి బడినే ఊరి వెనక గుట్ట మీదికి నడిపించాడు. గుట్ట నడిమికి ఎక్కేసరికి ఒక గీత సిగ్నలు వచ్చింది. ఓబులమ్మ కింద పొయ్యి వెలిగించకుండా కూర్చుని గుట్ట వైపే చూసింది.

‘రాకపోతే ఏం జేస్తావే?’ అంది మద్దమ్మ.

‘మా ఇంట్లో రెండు మూటలుండాయి. అవి తెస్తా.’

‘అవైనాక?’

ఓబులమ్మ పొయ్యిలో కట్టెలు సర్దింది.

పదకొండున్నరకు గుట్ట మీద నుంచి కేకలు వినబడ్డాయి. పన్నెండు దాటాక మండలం వ్యాను వచ్చింది. విరూపాక్షం దిగి, పన్నెండు మూటలకూ పన్నెండు దండలు వేశాడు. శాలువా ఒకటే ఉంటే మొదటి మూటకు కప్పాడు. కూలీలు వాటిని ఎత్తుకుపోయి, మామూలు మూటలు పన్నెండు దించారు. ఓబులమ్మ ఒక మూట విప్పి చేయి పెట్టింది. తెల్లగా, పొడిగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉన్నాయి. ఆమె వాటిని కళ్ళకద్దుకుంది.

విరూపాక్షం వ్యాను ఎక్కుతూ ఆగాడు.

‘నీకు ఇంకొక గౌరవము కూడా కలదమ్మా. సోమవారము జిల్లా కేంద్రములో ప్రశంసోత్సవము. ఆరు వందల మంది హాస్టలు విద్యార్థులకు ఈ ఆదర్శ బియ్యమునే వడ్డించుచున్నాము. నువ్వే వండవలెను.’

ఓబులమ్మ చేతిలోని గింజలు కింద పడ్డాయి. తన పిల్లల కంచాల్లోంచి తీసి, ఎవరో పిల్లల కంచాల్లో తనే పోసినట్టయింది.

‘సార్’ అంది చౌడప్ప సారుతో, వ్యాను పోయాక. ‘మనం ఏంటికి పొగిడినాం?’

‘కొంచెం ఎక్కువ పొగిడినాం ఓబులమ్మా’ అన్నాడాయన. రెండు రోజులు ఇద్దరికీ ముద్ద దిగలేదు. సోమవారం తెల్లారి బస్సుకు ఓబులమ్మ, మద్దమ్మ, చౌడప్ప సారు జిల్లా కేంద్రానికి బయలుదేరారు. ఓబులమ్మ రుచి పుస్తకాన్ని తలుపు నుంచి విప్పి సంచిలో పెట్టుకుంది.

మైదానంలో పెద్ద షామియానా. వేదిక మీద అధికారుల కుర్చీలు, ఎదురుగా ఆరు వందల మంది పిల్లలు కంచాలతో. ఓబులమ్మ బియ్యం కడగబోతే విరూపాక్షం పరిగెత్తుకొచ్చాడు.

‘ఆదర్శ వస్తువును మార్పు చేయరాదు. ఉన్నది ఉన్నట్టు వండవలెను.’

అలాగే వండింది. మొదటి గుండిగ మూత తీయగానే షామియానాలో మొదటి వరస పిల్లలు తలలు పక్కకు తిప్పారు. విరూపాక్షం ‘వడ్డించండి’ అన్నాడు. మద్దమ్మ గరిటె ఎత్తలేదు. ఓబులమ్మ సంచిలోంచి పుస్తకం తీసింది.

‘పెద్దోళ్ళు రుచి చూడందే పిల్లోళ్ళకు పెట్టగూడదు సార్. మీ సర్క్యులరు గూడ ఆ రూలు తీసేయలేదు. పొగడమని అనింది గానీ, తినకుండా పొగడమని అనలేదు.’

విరూపాక్షం సర్క్యులరు గుర్తు తెచ్చుకున్నాడు. ఆమె చెప్పింది నిజమే. ఓబులమ్మ ఒక కంచంలో కొంచెం అన్నం పెట్టి ఆయన ముందు పట్టుకుంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

‘ఇంతటి గౌరవమునకు నేను అర్హుడను కాను. సహాయ సంచాలకులు గారు ఉండగా నేను ముట్టుట అపచారము.’

కంచం వేదిక ఎక్కింది. సహాయ సంచాలకులు గారు కంచాన్ని చూసి, వాసన చూసి, వినయంగా లేచి నిలబడ్డారు. ‘ఉప సంచాలకులు వేంచేసి యుండగా మొదటి ముద్ద నాకా?’ ఉప సంచాలకులు అంతకంటే వినయవంతులు. జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, ‘పెద్దల ప్రసాదము పెద్దలకే’ అన్నారు. కంచం ఒక్కో కుర్చీ దాటుతుంటే వేదిక మీద వినయం పెరుగుతూ పోయింది. చివరి కుర్చీలో రాష్ట్ర ప్రశంసా సంచాలకులు ఉన్నారు. సర్క్యులరు కింద సంతకం ఆయనదే. ఆయన కుడివైపు చూశారు. అక్కడ షామియానా గుంజ ఉంది. దానికి పైఅధికారి హోదా లేదు.

కెమెరాలు దగ్గరకు వచ్చాయి. సంచాలకులు గారు ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నారు. నములుదామా వద్దా అన్నట్టు కొంతసేపు ఆగారు. పళ్ళ కింద ఏదో పటుక్కుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక విలేకరి ‘ఆనందబాష్పాలు’ అని రాసుకున్నాడు. గొంతు రెండుసార్లు పైకీ కిందికీ కదిలి, మూడోసారికి మింగింది.

మైకు ఇచ్చారు. అందరూ ఎదురుచూశారు. బాగోలేవు అంటే సంతకం పెట్టిన చేయి ఏమవ్వాలి? బాగున్నాయి అంటే ఆరు వందల మంది తినాలి, తిన్నాక ఆరు వందల మంది ఏమవ్వాలి? సంచాలకులు గారు పదేళ్ళుగా ఏదో ఒక శాఖకు సంచాలకులు. మైకు సరిచేసుకున్నారు.

‘ఇంతటి మహోన్నతమైన బియ్యమును నేను నా ఉద్యోగ జీవితములో ఎరుగను. ఇటువంటి దానిని పిల్లలకు వడ్డించి ఖర్చు చేయుట మహాపరాధము. వీటిని భావితరముల కొరకు భద్రపరచవలెను. మిగిలిన మూటలను అద్దాల పెట్టెలో ఉంచి, సీలు వేసి, కాపలా పెట్టించవలసినదిగా ఆదేశించుచున్నాను. పిల్లలకు బజారు నుండి మామూలు చిత్రాన్నము తెప్పించండి. త్వరగా.’

చప్పట్లు మారుమోగాయి. చౌడప్ప సారు అందరికంటే గట్టిగా కొట్టాడు. హాస్టలు పిల్లలు ‘చిత్రాన్నం’ అన్న మాట విని కొట్టారు.

సంచాలకులు గారు వేదిక దిగి, నోటికి రుమాలు పెట్టుకుని గుండిగల దగ్గరకు వచ్చారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

‘అమ్మా, నిజం చెప్పు. ఏ కాలం నాటివి ఆ బియ్యం?’

‘నాకేం తెలుసు సార్. మీరు తిన్నారు, నేను తినలేదు’ అంది ఓబులమ్మ. పుస్తకం తెరిచి పట్టుకుంది. ‘తిన్నోళ్ళు రాయాల.’

ఆయన పెన్ను తీశారు. పేజీ మీద ఎక్కడైనా చోటు ఉందేమో అన్నట్టు పైనుంచి కిందిదాకా చూశారు. లోపాల కాలం ఉండవలసిన చోట ఆయన కార్యాలయం ముద్ర ఉంది. చివరికి ‘మహాద్భుతము’ అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, పెన్ను మూత కూడా పెట్టకుండా షామియానా వెనక్కి పరిగెత్తారు. విరూపాక్షం నీళ్ళ సీసాతో వెంట పరిగెత్తాడు.

ఓబులమ్మ, మద్దమ్మ కలిసి గుండిగలు మోసుకుపోయి మైదానం చివర గుంట తవ్వి బోర్లించారు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పెట్టారు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చేసరికి బజారు నుంచి చిత్రాన్నం డేగిసాలు దిగుతున్నాయి. ఇద్దరూ కొంగులు దోపుకుని వడ్డించడానికి వంగారు.

రెండో వరసలో ఒక చిన్నపిల్ల కంచం చాపి, అద్దాల పెట్టెలోకి చేరుతున్న దండల మూటల వైపు చూసింది.

‘అవ్వా, ఆ మంచి బియ్యం మాకు పెట్టరా?’

ఓబులమ్మ రెండు గరిటెలు నిండుగా వేసి, ఇంకో గరిటె కూడా వేసింది.

‘అవి పెద్ద సార్లకు పాపా. నువ్వు ఇది తిను.’